ఆరకముందే పెట్టిన టిక్కు

పెళ్ళయి భిలాయి వచ్చిన మరుసటి ఏడాది, జూన్ నెల మొదటి సోమవారం, నేను ఫ్లోర్ సూపర్‌వైజరుగా చేరాను. ఇళ్ళ నేలలు, కార్పెట్లు శుభ్రం చేసే చిన్న కాంట్రాక్టు సంస్థ అది. స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్లలో, చుట్టుపక్కల కాలనీల్లో మా పని. పైన మేనేజరు దూబే గారు, ఆయన కింద ముగ్గురు సూపర్‌వైజర్లం, ఒక్కొక్కరికీ నలుగురైదుగురు వర్కర్లు. వర్కర్లలో ఎక్కువమంది క్యాంప్ 2 అనే బస్తీ నుంచి వచ్చే ఆడవాళ్ళు. రెండేళ్ళ మూడు నెలలు ఆ ఉద్యోగం చేసి, పాప పుట్టే ముందు మానేశాను. ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాళ్ళకు ఉన్నన్ని సంగతులు నాకు లేవు. రాయదగ్గది ఒకటి ఉంది.

ముందు పని గురించి కొంత చెప్పాలి. బయటివాళ్ళకు నేల తుడవడం ఒకే పనిలా కనిపిస్తుంది. ఏ నేలకు ఏది పడదో తెలుసుకోవడమే ఇందులో మొదటి పాఠం. టౌన్‌షిప్ పాత క్వార్టర్లలో మోజాయిక్ గచ్చు ఉంటుంది. అంటే సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి పోసి, అరగదీసిన నేల. దాని మీద యాసిడ్ పడితే మెరుపు పోతుంది, మళ్ళీ రాదు. వరండాల్లో ఎర్రగచ్చు, దానికి సోడా ఎక్కువైతే రంగు తేలిపోతుంది. వంటిళ్ళలో కోటా రాయి, నూనె పీలుస్తుంది కాబట్టి పడిన వెంటనే తుడవాలి. తెల్ల పాలరాయి అన్నిటికన్నా సున్నితం. నిమ్మరసం చుక్క కూడా దాన్ని తింటుంది. కార్పెట్ అయితే ముందు అది ఊలుదా, నైలానుదా తేల్చుకోవాలి. అంచు నుంచి ఒక దారప్పోగు లాగి కాలిస్తే, వెంట్రుకలు కాలిన వాసన వస్తే ఊలు, ప్లాస్టిక్ వాసన వస్తే నైలాను.

ఇవన్నీ నేను విశాఖపట్నంలో హౌస్‌కీపింగ్ డిప్లొమా చదువుతూ, అక్కడి హోటళ్ళలో ట్రైనింగ్ చేస్తూ నేర్చుకున్నాను. భిలాయి దుమ్ము గురించి మాత్రం ఆ చదువులో లేదు.

దాన్ని నాకు చెప్పింది పైడమ్మ. నా బ్యాచ్‌లో అందరికన్నా పెద్దావిడ, యాభై దాటి ఉంటాయి. విజయనగరం దగ్గరి ఊరు. భర్త ప్లాంటులో కాంట్రాక్టు కూలీగా వస్తే వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయింది. చదువు లేదు. పాత స్పీకరులోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి ఆమె దగ్గర ఉండేది, కొంగున ముడేసుకుని తిరిగేది. ఏ ఇంటికి వెళ్ళినా కిటికీ గట్టు మీది దుమ్మును కాగితం మీదకు ఊడ్చి, కింద అయస్కాంతం పెట్టి తిప్పేది. దుమ్ములో కొంత లేచి నిలబడి, చీమల బారులా కదిలేది.

"సూసినారా అమ్మా? మీరు సముద్రం ఒడ్డున సదివినారు, అక్కడ ఉప్పు గాలి. ఇక్కడిది ఇనుం దుమ్ము. నీల్లు తగిల్తే తుప్పు పడద్ది. ముందు పొడిగా తీసీయాల, తరవాతే తడిబట్ట" అని నేను చేరిన మొదటి వారంలోనే చెప్పింది. మిగతావాళ్ళు నవ్వారు. "పైడమ్మ దీదీ ప్లాంటు నుంచి ఇనుం ఏరుకుని అమ్ముకుంటాది మేడమ్, అందుకే ఆ బిళ్ళ" అని ఒకరు అన్నారు. "అమ్ముకుంటే నీకాడ సీపురు పట్టుకుని ఎందుకుంటానే, నువ్వే నా ఇల్లు తుడుద్దువు" అని పైడమ్మ జవాబు.

మా పనికి కాగితం మీద ఉండే ఆధారం జాబ్ కార్డు. ఒక్కో ఇంటికి ఒక్కో కార్డు. అందులో చేయవలసిన పనులు వరుసగా అచ్చువేసి ఉంటాయి, ప్రతి పనికీ ఒక గడి. పని పూర్తయ్యాక సూపర్‌వైజరు గడిలో టిక్కు పెట్టాలి. అడుగున పని చేసిన వర్కరు సంతకం, ఇంటివాళ్ళ సంతకం. కార్డు ఇంగ్లీషులోను, హిందీలోను ఉండేది. పైడమ్మకు రెండూ చదవడం రాదు కాబట్టి వేలిముద్ర వేసేది.

నియమం ఇది. జరిగేది వేరు. శనివారాలు పని ఎక్కువ. కాబట్టి శుక్రవారం సాయంత్రమే ఆఫీసులో కూర్చుని మరునాటి కార్డులన్నిటికీ టిక్కులు పెట్టేసుకునేవాళ్ళం. ముగ్గురం అదే చేసేవాళ్ళం. ఒక్క గడి ఖాళీగా ఉన్నా దూబే గారు కార్డు వెనక్కి పంపేవారు. టిక్కు ఎప్పుడు పెట్టారని మాత్రం అడిగేవారు కాదు.

చేరిన రెండేళ్ళకు, జూలైలో, కరుణమ్మ గారి ఇంటి కార్పెట్ పని నాకు వచ్చింది. ఆమె నర్సింగ్ సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. సొంతూరు కాకినాడ వైపు. భర్త ప్లాంటులో ఇంజనీరు, నాలుగేళ్ళ కిందట పోయారు. ముందుగదిలోని తెల్ల పాలరాయిని ఆయన స్వయంగా రాజస్థాన్ వెళ్ళి, పలకలు ఏరి, లారీలో కూర్చుని తెచ్చారట. ఆ గదిలోనే మధ్యగా ఒక పెద్ద ఊలు కార్పెట్. ఆ ఆదివారం వాళ్ళింట్లో ప్రార్థన కూటం ఉంది. అందరూ కార్పెట్ మీదే కూర్చుంటారు కాబట్టి శనివారం సాయంత్రానికి అది పరిచి ఉండాలని ఫోనులో చెప్పారు. నేను సరేనన్నాను. అప్పటికి నాకు ఐదో నెల.

శనివారం ఉదయం పది గంటలకు వెళ్ళాం. ముసురు పట్టి మూడు రోజులైంది. పైడమ్మ కార్పెట్ ఒక మూల ఎత్తి, వెనకవైపు అయస్కాంతం నెమ్మదిగా లాగింది. తీసి నా ముందు పెట్టింది. బిళ్ళకు నల్లగా గడ్డం మొలిచినట్టుంది.

"ఏటి సేత్తారు? దీన్ని ఇప్పుడు తడపొద్దమ్మా. దండెం మీదేసి ఎనకాల నుంచి కర్రతో కొట్టి, ఉత్తినే పరిసేద్దాం. వానలెల్లినాక తడుపుదాం."

"షాంపూ చేస్తామని చెప్పానమ్మా ఆవిడకి. రేపు కూటం ఉంది."

"సేద్దాం. ఆరద్దా ఈ ముసురులో? రెండ్రోజులైనా ఆరదు."

"ఫ్యాన్లు పెడదాం" అన్నాను.

కొట్టడానికి గంటన్నర పడుతుంది. నేను పైవైపు మాత్రం వాక్యూమ్ చేయించి షాంపూ మొదలుపెట్టించాను. తరువాత నీటి వాక్యూమ్, అంటే తడిని పీల్చే యంత్రం. అది ఊలులోని నీటిని లాగుతుంది గానీ, వెనక ఉన్న జనపనార అల్లికలోకి దిగిన నీటిని పూర్తిగా లాగదు. ఆరిందో లేదో చూడటానికి వెలిచెయ్యి, అంటే అరచేతి అవతలివైపు, వెనక అల్లికకు ఆనించాలి. చల్లగా తగిలితే తడి ఉన్నట్టే. సాయంత్రం నాలుగున్నరకు పైడమ్మ చెయ్యి ఆనించి నా వైపు చూసింది. నేను పైన ఊలు తాకి చూసి పరచమన్నాను. ఐదింటికి కార్డు మీద పైడమ్మ వేలిముద్ర వేసింది, కరుణమ్మ గారు కళ్ళద్దాలు లోపల ఉన్నాయంటూ సంతకం పెట్టారు. కార్డులో ఐదో గడి "ఆరబెట్టుట, ఇరవైనాలుగు గంటలు." దానికి శుక్రవారం నాడే నా టిక్కు ఉంది.

గురువారం కరుణమ్మ గారి నుంచి ఫిర్యాదు వచ్చింది. వాసన వస్తుంటే కార్పెట్ ఎత్తించారట. కింద పాలరాతి మీద, కార్పెట్ అంచు పొడవునా, పచ్చ కలిసిన గోధుమరంగు చార.

దూబే గారు ముందు జాబ్ కార్డు తెప్పించుకున్నారు. కార్డులో లోపం ఏమీ లేదు. రెండు వైపులా పొడి వాక్యూమ్ చేసినట్టు, ఒక రోజంతా ఆరబెట్టినట్టు, ఆరాకే పరిచినట్టు టిక్కులున్నాయి. పద్ధతి సరిగ్గా ఉంది కాబట్టి తప్పు పద్ధతిలో లేదని, పని చేసిన చేతిలో ఉందని ఆయన తేల్చారు. బాత్రూము యాసిడ్ ఒలికి ఉంటుందని, వర్కరు దాన్ని కార్పెట్ కింద దాచేసి ఉంటుందని అన్నారు. అంతకుముందు వేరే ఇంట్లో వేరే వర్కరు అలా చేసింది, అందుకని ఆయనకు ఆ అనుమానం వెంటనే వచ్చింది.

పైడమ్మను పిలిచారు. ఆమె హిందీ ఇన్నేళ్ళయినా సగం తెలుగే.

"యాసిడ్ మై నై లాయా సాబ్, నేను తేనేదు. మార్బల్ మీద యాసిడ్ ఎవులైనా ఏత్తారా?"

"అయితే ఇదేంటి? అన్నీ సరిగ్గా చేశారని రాసి ఉంది. నీ వేలిముద్ర ఉంది."

"నాకేటి తెలుసు సాబ్ అందులో ఏటుందో. అమ్మగోరు రాసినారు, నేను ఏలు ఏసినాను." అని నా వైపు తిరిగింది. "సెప్పండమ్మా."

నేను అక్కడే, బీరువా పక్కన నిలబడి ఉన్నాను. ఏమీ చెప్పలేదు. ఆమె ఆప్రాను, గుర్తింపు కార్డు తీసుకుని సోమవారం నుంచి రావద్దన్నారు. భిలాయిలో ఈ పనికి గుర్తింపు కార్డే ఆధారం. యాసిడ్ కేసులో తీసేశారని తెలిస్తే ఇంకో సంస్థ తీసుకోదు, సెక్టర్లలో ఇళ్ళవాళ్ళు గేటు తీయరు. అది నాకు తెలుసు. నాకు తెలిసిన ఇంకో సంగతి కూడా ఉంది. కాన్పు తరువాత తిరిగి తీసుకునేవాళ్ళ జాబితా ఒకటి దూబే గారు రాసుకుంటున్నారు, పేరు మీద తప్పు నమోదైతే అందులో ఉండరు. వెళ్ళేటప్పుడు పైడమ్మ తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒకసారి ఆగింది. నేను బీరువాలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాను.

ఫిర్యాదు ముగించడానికి ఒక ఫారం ఉంటుంది. శనివారంలోగా నేను నింపాలి. అందులో గడులు లేవు. "నష్టానికి కారణం, సూపర్‌వైజరు మాటల్లో" అని ఉండి, కింద ఖాళీ గీతలు. శుక్రవారం పొద్దున దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. కార్డులో అన్ని గడులకూ టిక్కులు పెట్టడానికి నాకు పది సెకన్లు పట్టదు. "యాసిడ్ పడినందువల్ల" అన్న రెండు మాటలు గంటైనా రాయలేకపోయాను. చూడకుండా రాయకూడదని నాకు నేను చెప్పుకుని కరుణమ్మ గారి ఇంటికి వెళ్ళాను.

యాసిడ్ మరకకు, తుప్పు మరకకు తేడా తెలుసుకోవడం కష్టం కాదు. యాసిడ్ రాతిని తినేస్తుంది. అక్కడ మెరుపు పోతుంది, గోటితో గీస్తే గరుకుగా తగులుతుంది. తుప్పు అయితే రాతిలోకి రంగు దిగుతుంది, పైన నునుపు అలాగే ఉంటుంది. కిటికీ వెలుతురు ఏటవాలుగా పడేలా మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. చార పొడవునా మెరుపు చెక్కుచెదరలేదు. గోరు ఎక్కడా ఆగలేదు. యాసిడ్ చుక్క కూడా పడలేదు. తడి జనపనార, ఇనుము, ఐదు రోజులు. అంతే.

కరుణమ్మ గారు కుర్చీలో కూర్చుని నన్ను చూస్తున్నారు.

"లే అమ్మాయ్, ఈ నెలల్లో అలా కూర్చోకూడదు. ఏం తేలింది?"

తుప్పు అని చెప్పాను. ఎందుకు వచ్చిందో చెప్పాను. ఆరలేదని, ఆరినట్టు కార్డులో ముందురోజే టిక్కు పెట్టానని కూడా చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి కళ్ళద్దాలు పెట్టుకుని, తన దగ్గర ఉన్న కార్డు నకలు తెచ్చుకుని చదివారు.

"పదింటికొచ్చి ఐదింటికెళ్ళారు. ఇరవైనాలుగు గంటలు ఆరబెట్టారట. చిన్నపిల్లలకైనా తెలిసే లెక్క." కార్డు మడతపెట్టారు. "మా వార్డులో మందు వెయ్యకుండా చార్టులో టిక్కు పెట్టిన పిల్లని నేను ఆ షిఫ్టులోనే దింపేసేదాన్ని. అలాంటిదాన్ని నేనే చదవకుండా సంతకం పెట్టాను చూడు." దాన్ని బల్ల మీద పెట్టి అడిగారు. "నీతో వచ్చిన ఆవిడ ఏదీ? అయస్కాంతం ఆవిడ?"

తీసేశారని చెప్పాను.

"దేనికి?"

"యాసిడ్ అని."

"మరి నువ్వేం చెప్పావు అక్కడ?"

మోకాళ్ళకు అంటిన దుమ్ము దులుపుకున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. మరక తీయడానికి వచ్చేటప్పుడు ఆవిడ లేకుండా వస్తే గేటు తీయనని మాత్రం చెప్పారు.

ఆఫీసుకు వచ్చి ఫారం నింపాను. నాలుగు వాక్యాలు. కార్పెట్ వెనకవైపు పొడి వాక్యూమ్ చేయించలేదు. ఇనుప దుమ్ము ఉందని వర్కరు చూపించినా తడిపించాను. ఆరకముందే పరచమన్నాను. కార్డులోని టిక్కులు పని జరగకముందు నేను పెట్టినవి.

దూబే గారు చదివి ఫారం నా వైపు జరిపారు. కోపం లేదు, విసుగు. "అరే మేడమ్, రహనే దో, వదిలెయ్యి. ఇంటావిడ మరక తీయించుకోవడానికి ఒప్పుకుంటే అయిపోయె. ఇంకో ఫారం తీసుకో. ముందు టిక్కు సంగతి రాస్తే రేపు అందరి కార్డులూ తియ్యాలి నేను."

తీయవలసిందేనని అన్నాను. ఆయన ఫారం మీద స్టాంపు వేశారు. జాబితాలోంచి నా పేరు కొట్టేశారు, నా ఎదుటే. సూపర్‌వైజర్లు తక్కువగా ఉన్నందున కాన్పు సెలవు దాకా పనిలో ఉండమన్నారు. పైడమ్మను సోమవారం నుంచి మళ్ళీ రమ్మని చెప్పి, ఆమె గుర్తింపు కార్డు చేర్చే పని నాకే ఇచ్చారు.

క్యాంప్ 2లో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి బియ్యం చెరుగుతోంది. కార్డు ఇచ్చి, జరిగింది చెప్పి, నాదే తప్పన్నాను. చేట ఆపలేదు.

"తప్పని నాకు తెల్దా? తడి నా సెయ్యికి తగిలింది గదా. నాకు తెల్నిదల్లా మీరు ఏటి రాసినారో అదే." చేట పక్కన పెట్టి, "కూకోండి, నిలబడకండి. టీ ఎడతాను" అంది. టీ పెట్టింది. సోమవారం ఎన్నింటికి రావాలో అడిగింది.

పాలరాతి మీద తుప్పు తీయడానికి పిండి పట్టు వేస్తారు. ఆమ్లం లేని తుప్పు మందును తెల్ల మట్టిపొడిలో కలిపి, ఇడ్లీ పిండికన్నా గట్టిగా, చపాతీ పిండికన్నా పలచగా చేసి, మరక మీద అర అంగుళం మందాన పరచాలి. పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, అంచులు టేపుతో మూసి, ఒక రోజంతా వదిలేయాలి. తరువాత కాగితం తీసి, పిండి ఎండి పగుళ్ళిచ్చేదాకా ఆగాలి. రంగు రాతిలోంచి పిండిలోకి ఎక్కుతుంది. చెక్క గరిటతో గీకి, మంచినీళ్ళతో కడిగి, పొడిబట్టతో ఒత్తాలి. తొందర పెడితే మందు పని చేయదు.

మొదటి దఫా పట్టు విప్పే రోజు పైడమ్మ ప్లాస్టిక్ కాగితం లాగుతూ అంది. "ఇప్పుడు ఆగినారు గదా ఇరవైనాలుగు గంటలు? ఏటైనా అయిందా? ఇల్లు కూలిందా?" వెనక కుర్చీలోంచి కరుణమ్మ గారు నవ్వారు. నేను అంచుల టేపు ఊడదీస్తూ ఉన్నాను. మూడు దఫాలకు చార పోయింది, కిటికీ పక్క మూల ఒక పలకలో తప్ప. అక్కడ లేత పసుపు గీత మిగిలింది. నాలుగో దఫా వేస్తామంటే ఆమె వద్దన్నారు. కార్పెట్ మళ్ళీ ఆ గదిలో పరచలేదు. కూటానికి వచ్చేవాళ్ళకు చాపలు కొన్నారు.

దూబే గారు అందరి కార్డులూ తీసి చూశారో లేదో నాకు తెలియదు. మిగిలిన ఇద్దరు సూపర్‌వైజర్లు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

మరక పని ముగిసిన సాయంత్రం జాబ్ కార్డు పూర్తిచేసి, ఇంకు డబ్బీ తెరిచి పైడమ్మ ముందు పెట్టాను. ఆమె వేలు చాపలేదు.

"సదవండి" అంది.

"ఏంటి?"

"అందులో ఏటుందో సదివి ఇనిపించండి. అప్పుడే ఏలు ఏత్తాను."

చదివాను. ఒక్కో పని చదివి, దాన్ని తెలుగులో చెప్పాను. ప్రతిదానికీ ఆమె తల ఊపడమో, "అది నిన్న సేసినాం, ఇయ్యాల గాదు" అనడమో చేసింది. రెండు చోట్ల దిద్దాను. అప్పుడు వేలిముద్ర వేసింది. ఆ తరువాత నేను పనిచేసిన ఏడు వారాలూ ప్రతి కార్డూ అలాగే చదివించుకుంది. రెండో వారానికి మిగతా ఆడవాళ్ళు కూడా చుట్టూ నిలబడి వినడం మొదలుపెట్టారు. కార్డుకు ఐదు నిమిషాలు పట్టేది. నా మీద నమ్మకం పోయినందుకు అలా చేస్తోందని నాకు తెలుసు. అది న్యాయమే.

ఇప్పుడు మా క్వార్టరులో పాప మోజాయిక్ గచ్చు మీద పాకుతుంది, వేళ్ళు నోట్లో పెట్టుకుంటుంది. నేల పొడిగా ఊడ్చి, తడిబట్ట పెట్టి, వెలిచెయ్యి ఆనించి చూసి గానీ దింపను. మా ఆయన ఇది మరీ చాదస్తం అంటాడు. కావచ్చు.

ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఇది. టిక్కు అంటే ఒకరు చేత్తో తాకి చూశారని అర్థం. తాకకుండా పెట్టిన టిక్కు మాయమైపోదు. కింద వేలిముద్ర వేసినవాళ్ళ మీద పడుతుంది. అందుచేత ముందు చెయ్యి, తరువాత కలం, చదివి వినిపించాక వేలిముద్ర. ఈ వరుస ఏ జాబ్ కార్డులోనూ అచ్చువేసి లేదు. రెండేళ్ళ డిప్లొమా చదివిన నాకు దాన్ని చదువు లేని పైడమ్మ చెప్పింది.